బల్ల మీద రెండో గిన్నె

మా అమ్మ జాడీలో పస లేదని ఊరంతా పంచిన కరపత్రంలో నా పేరు ఉంది. పేరు పక్కనే నా చదువు, నేను పనిచేసే కాలేజీ కూడా వేశారు. ఇరవై ఏళ్ళు దాటినా ఆ గులాబీ రంగు కాగితం గుర్తొస్తే నాకు కోపం వస్తుంది. అది చల్లారాలని నాకేమీ కోరిక లేదు.

2004 వేసవి. ఆ ఏడు ఎన్నికలు, ఈస్టరు ఒకే నెలలో పడ్డాయి. నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ చెబుతూ ఎం.ఫిల్. చేస్తున్నాను. మా ప్రాంతంలో తయారయ్యే ఎర్ర వైన్లలో యాంటీ ఆక్సిడెంట్లు ఎంత ఉన్నాయో కొలవడం నా పని. నల్ల ద్రాక్ష తొక్కలో, గింజలో ఉండే వగరు పదార్థాలవి. గుండెకు మంచివని అప్పట్లో పేపర్లు తెగ రాసేవి. కొలిచే పద్ధతి సులువే. వైన్‌లో ఒక రసాయనం కలిపితే నీలం రంగు వస్తుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ఆ పదార్థం అంత ఎక్కువ ఉన్నట్టు. ఆ చిక్కదనాన్ని మిషన్ అంకెగా చూపిస్తుంది.

మా వైపు వైన్ చేసేవాళ్ళు ఎందరుంటారు? వేములలో ఒక రైతు ఇంటి వరకు చేసుకునేవాడు, ఆయన దగ్గర కొంచెం తెచ్చుకున్నాను. పోల్చి చూడటానికి షాపు సీసా ఒకటి కొన్నాను. ఆ తర్వాత మా అమ్మ జాడీ గుర్తొచ్చి, దాంట్లోదీ కొంచెం తెచ్చుకున్నాను.

మా ఊరు జమ్మలమడుగుకు పెన్న అవతల. మిషనరీ దొరలు తిరిగిన కాలం నుంచి మావాళ్ళు క్రైస్తవులు. ఈస్టరు నాడు చర్చిలో అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారానికి ఆ రసం చేసే పని మా అమ్మ రూతమ్మది. అంతకు ముందు మా అవ్వది. ద్రాక్షలు కొనడానికి వీల్లేదు. తోటల్లో కూలికి పోయే ప్రతి ఇంటి నుంచీ ఒక్కో గుత్తి రావాలి. అమ్మ వాటిని పిసికి, తొక్క తీసేసి, కాచి, జాడీలో పోసి, మూతికి గుడ్డ కట్టి ఇసుకలో పాతిపెట్టేది. ఈస్టరు నాటికి అది కొద్దిగా పులిసి ఉండేది.

మా వీధిలో సగం ఇళ్ళు తిరుపాల్ రెడ్డి తోటలో పనిచేసేవి. మిగతా సగం అవతలి రెడ్డి తోటలో. ఎవరి తోటలో పని ఉంటే వాళ్ళ పార్టీ. కక్షలు రెడ్లవి, తెగిన చేతులు మావి. ఒక పక్షం బోరింగు దగ్గర ఇంకో పక్షం బిందె పెట్టేది కాదు. పెళ్ళికీ చావుకీ పిలుపుల్లేవు. ఆ జాడీలోకి మాత్రం రెండు తోటల గుత్తులూ కలిసే పోయేవి. ఈస్టరు నాడు చర్చిలో బల్ల మీద ఒకే వెండి గిన్నె ఉండేది. వరసగా మోకరించిన వాళ్ళందరూ ఆ గిన్నెతోనే తాగాలి. ఒకరి ఎంగిలి ఇంకొకరు తాగాలి. ఏడాది మొత్తం మీద మా వీధి అంతా కలిసి చేసే పని అదొక్కటే.

మా వీధిలో, అవతలి రెడ్డి పక్షంలోని ఎలీషాకు ఒక తమ్ముడుండేవాడు. జమ్మలమడుగు దారిలో అతని మీద బాంబులు వేసి చంపారు. వేసింది తిరుపాల్ రెడ్డి మనుషులు. మా మేనమామ దాసయ్య అదే రెడ్డి జీపులో తిరిగే మనిషి. ఆ దినం జీపులో ఉన్నాడో లేడో మేము అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ తర్వాత వచ్చిన ఈస్టరుకు దాసయ్య మామ తాగి ఇచ్చిన గిన్నెను పాదిరి అయ్యగారు ఎలీషాకు అందించాడు. ఎలీషా తాగాడు. బయటికి వచ్చాక మామ మొహం చూడలేదు, ఆ ఏడాదంతా మాట్లాడలేదు. అయినా తాగాడు. మా వీధిలో ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇంకో చావు జరగకపోవడానికి కారణం ఆ గిన్నేనని మా అమ్మ నమ్మేది. నేనూ నమ్ముతాను.

మార్చిలో దాసయ్య మామ ప్రొద్దుటూరు వచ్చాడు. కాలేజీ ల్యాబులోకి నేరుగా వచ్చి, సంచిలోంచి సీసాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"రెడ్డెన్న లింగాల తోటలో చేయించినాడు మే. ఈతూరి గెలిస్తే ఆడనే వైన్ ఫ్యాక్టరీ పెడతాడంట. ఇంటికో ఉద్యోగం ఇస్తా అంటాండాడు. దీంట్లో ఆ గుండె మందు ఎంతుండాదో జూడు."

"గుండె మందు కాదు మామా."

"ఏదో ఒకటి. కొలిచి రాసియ్యి. నీకూ చదువుకు పనికొస్తాది గదా."

పనికొచ్చే మాటే. నాకు స్థానిక వైన్లు దొరకడమే కష్టంగా ఉంది. కొలిచాను. నీలం ఎంత చిక్కగా వచ్చిందంటే మిషన్ అంకె చూపలేక చేతులెత్తేసింది. నీళ్ళు కలిపి పలచన చేసి మళ్ళీ కొలిచాను. అన్నింటి అంకెలూ ఒకే కాగితం మీద రాసిచ్చాను, పక్కపక్కన ఉంటే పోల్చుకోవడం తేలికని. పైన తిరుపాల్ రెడ్డి వైన్. తర్వాత షాపుది, వేములది. అట్టడుగున మా అమ్మ జాడీ.

ఆ వారం ఇంటికి పోయినప్పుడు అమ్మకు చెప్పాను. ఆమె ఆలస్యంగా వచ్చిన గుత్తులు కడుగుతోంది.

"అయితే దీంట్లో ఏం లేదంటావా?"

"లేదని కాదు మా. తక్కువుంది. నువ్వు తొక్క తీసేస్తావు గదా, అంతా దాంట్లోనే ఉంటాది."

"తొక్క ఉంటే వగరు. పిల్లోళ్ళు మొగం మాడ్చుకుంటారు," అని తన పనిలో పడింది. మా ఇద్దరి మధ్య ఆ సంగతి అంతటితో అయిపోయింది.

పది రోజులకు గులాబీ కాగితం వచ్చింది. ప్రొద్దుటూరులో అచ్చేసి జమ్మలమడుగు దాకా బస్సుల్లో పంచారు. మన లింగాల వైన్‌లో గుండెకు మేలు చేసే పదార్థం షాపు సీసాల కంటే ఎన్నో రెట్లు ఎక్కువని, పెన్న అవతలి చర్చిలో పోసే రసంలో పస లేనే లేదని, ఈ మాట తేల్చింది ఆ చర్చి బిడ్డే, ఆ రసం చేసే రూతమ్మ కూతురేనని రాశారు. కింద తిరుపాల్ రెడ్డి దండం పెడుతున్న ఫొటో. అమ్మ జాడీని నేనే తక్కువ చేసినట్టు నా పేరుతో ఊరేగించారు. అరికాలి మంట నెత్తికెక్కింది. స్టాఫ్ రూములో ఒక తోటి లెక్చరర్ నవ్వుతూ "మేడం, మాకూ ఒక సీసా ఇప్పించండి" అంటే ఏమన్నానో ఇక్కడ రాయను. ఆయన ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేశాడు.

ఆ చిక్కటి నీలం నాకు మొదటి నుంచీ మింగుడు పడలేదు. ద్రాక్ష తొక్క మొత్తం నూరి పోసినా అంత రాదు. మిగిలిన సీసా తీసి, కొంచెం వైన్‌లో వంట సోడా నీళ్ళు పోశాను. నల్ల ద్రాక్ష రంగు సోడా తగిలితే ఆకుపచ్చగా మారుతుంది. అమ్మ రసం వెంటనే పచ్చబడింది. తిరుపాల్ రెడ్డి వైన్ ఎర్రగానే ఉంది. అది ద్రాక్ష రంగే కాదు.

మామను పట్టుకుని అడిగాను. ఆయన దాచలేదు కూడా.

"సారాయికి తుమ్మచెక్క ఏస్తారు గదా మే. దీనికీ ఏసినారు. ఇంత రంగు కలిపినారు. ద్రాక్ష గూడా రోంత ఉంటాదిలే."

తుమ్మచెక్కలో, అంటే తుమ్మ బెరడులో, వగరు దండిగా ఉంటుంది. వగరు ఎక్కడిదైనా నా రసాయనం నీలంగా మారుతుంది. అది తుమ్మచెట్టుదా ద్రాక్షతొక్కదా అని ఆ మిషన్ అడగదు.

"నన్ను రెడ్డి దగ్గరికి తీసుకుపో," అన్నాను.

"ఎందుకు మే? ఎలచ్చన్ల కాలం."

"తీసుకుపోతావా, నన్నే పొమ్మంటావా?"

పులివెందులలో ఆయన ఇంటి ముందు జీపులు, జెండాలు, నిద్ర లేని మొహాలు. లోపల తిరుపాల్ రెడ్డి పింగాణీ కప్పులో టీ తాగుతున్నాడు. మాకు ప్లాస్టిక్ గ్లాసుల్లో వచ్చింది. మామ నిలబడే తాగాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. గ్లాసు ముట్టుకోలేదు.

"సార్, అది ద్రాక్ష వైన్ కాదు. తుమ్మచెక్క. ఆ కరపత్రం వెనక్కి తీసుకోండి."

ఆయన కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుని ఉంటే నాకు ఇంత మంట ఉండేది కాదేమో.

"ఆ అంకె నువ్వే రాసిచ్చినావు గదమ్మా?"

"అవును."

"తప్పు రాసినావా?"

"అంకె తప్పు కాదు. కానీ..."

"నేను దాన్ని మార్చినానా?"

"లేదు."

"మరింకేందమ్మా. సదువుకున్న పిల్లవి. నువ్వు కొలిచినావు, నేను అచ్చేసినాను. దాసయ్యా, పాపకు టీ సల్లారిపోయింది, ఇంకోటి తెప్పీ."

ఇంకో ప్లాస్టిక్ గ్లాసు వచ్చింది. బయట ఎవరో జిందాబాద్ అన్నారు, ఆయన లేచి వెళ్ళిపోయాడు. ఒక నిజమైన అంకెను చేతికిచ్చి, దానితోనే నోరు మూయించుకుని వచ్చాను. బస్సులో మామ పక్కన కూర్చుంటే లేచి వేరే సీటుకు పోయాను.

కథ అక్కడితో ఆగి ఉంటే నేను ఏదో ఒక రోజు మరిచిపోయి ఉండేదాన్ని. ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం అయిన మరునాడు చర్చి దగ్గర జీపు ఆగింది. ఈస్టరు సంస్కారానికి రెడ్డిగారి కానుక అంటూ పెట్టెడు సీసాలు దించారు. మా పాదిరి జోసఫ్ అయ్యగారు పెట్టెను లోపల పెట్టించాడు. అమ్మా నేనూ పోయేసరికి ఆయన చెమటలు తుడుచుకుంటున్నాడు.

"చర్చికి పైకప్పు ఏయిస్తా అంటాండాడు రెడ్డిగారు. వద్దంటే ఏమైతాదో మీకు తెలుసు గదమ్మా."

నేను ఒక సీసా మూత తీసి, సాసరులో పోసి, తెచ్చిన సోడా నీళ్ళు కలిపి చూపించాను. ఇంకో సాసరులో అమ్మ రసం. ఒకటి పచ్చబడింది, ఒకటి ఎర్రగా ఉండిపోయింది. ఆయనకు అర్థమైంది. ఎర్రటి సాసరు తీసుకుపోయి కిటికీలోంచి బయట పారబోసి, తుడిచి, మళ్ళీ తెచ్చి పెట్టాడు.

"ఇది నేను జూల్లేదనుకోమ్మా," అన్నాడు.

అప్పుడే ఎలీషా వచ్చాడు. పెట్టెను చూశాడు, అయ్యగారిని చూశాడు. అతను గొంతు పెంచే మనిషి కాదు.

"అయ్యగారూ, నా తమ్మున్ని సంపినోడు పంపిన సారాయి ఇది. ఇది ప్రభువు రక్తం అని నువ్వు సెప్తే, నేను మోకాళ్ళేసి తాగల్నా?"

అయ్యగారు అందరి వైపూ చూసి గొంతు సవరించుకున్నాడు. "గొడవ ల్యాకుండా ఒకటి చేద్దాం. రెండు గిన్నెలు పెడదాం. దాసయ్య వాళ్ళకు ఈ వైన్. ఎలీషా వాళ్ళకు రూతమ్మ రసం. ఎవురికీ బాధ ఉండదు."

నిజం చెప్పాలంటే నాకు ఆ క్షణం సంతోషమే కలిగింది. కనీసం సగం మందికైనా అమ్మ రసం దక్కుతుంది, ఆ కరపత్రానికి అదే జవాబు అనుకున్నాను. అమ్మ ఒప్పుకోలేదు.

"నా రసం ఎలీషా వాళ్ళది కాదయ్యగారూ," అంది.

"రూతక్కా, మాకు పొయ్యవా?" అన్నాడు ఎలీషా.

"మీకని పొయ్యను నాయనా. ఆ జాడీలో మా తమ్ముడు దాసిగాని ఇంటి గుత్తి ఉండాది, నీ ఇంటి గుత్తి ఉండాది. యాడిది ఏదో నాకే తెల్దు. వాడు తాగే గిన్నెలోనే తాగుతా అను, ఇప్పుడే పోస్తా."

"అంటే నువ్వు గూడా నీ తమ్మునికే పలుకుతాండావు."

"ఎవురికీ పలకలే."

"సరే," అన్నాడు ఎలీషా. తల దించుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం మామ వచ్చి గడప దగ్గరే నిలబడి, రెడ్డి దగ్గర తన పరువు పోయిందని, అక్క కావాలనే ఎలీషాకు కొమ్ము కాస్తోందని అరిచి వెళ్ళాడు. ఒకే రోజు ఇద్దరూ అదే మాట అన్నారు. మామ భార్య రాములమ్మ అత్త మాత్రం ఆయన వెనకే నిలబడి, పోయే ముందు అమ్మ చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలింది.

నేను అమ్మ మీద కూడా అరిచాను. "నీ మంకుపట్టు ఎవరికి మంచిది? వాళ్ళు షాపులోదైనా తెచ్చుకుంటారు."

"తెచ్చుకోనీలే. రెండో గిన్నె నా చేత్తో పెట్టను," అంది. జాడీ మూతి గుడ్డ విప్పి, వాసన చూసి, మళ్ళీ కట్టింది.

నేనన్నట్టే అయింది. అవతలి రెడ్డి ఊరుకుంటాడా? ప్రొద్దుటూరు అంగళ్ళలో కొత్త వెండి గిన్నె కొని, దాంతోపాటు షాపు వైన్ సీసాలు ఎలీషా ఇంటికి పంపాడు. ఈస్టరు ఉదయం బల్ల మీద రెండు గిన్నెలు మెరుస్తున్నాయి. పాత గిన్నెలో తుమ్మచెక్క, కొత్త గిన్నెలో షాపుది. అమ్మ మాత్రం తెల్లవారకముందే జాడీని ఇసుకలోంచి తీసి, తుడిచి, ఎప్పుడూ పెట్టే చోట, బల్ల కింద పెట్టి తెల్లగుడ్డ కప్పింది. అయ్యగారు దాన్ని చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఆయన రెండు గిన్నెల మీదా ఒకే ప్రార్థన చదివాడు. కుడి వైపు ఒక వరస మోకరించింది, ఎడమ వైపు ఇంకో వరస. ఒకరి వైపు ఒకరు చూడలేదు. తుమ్మచెక్క వగరుకు పిల్లలు నిజంగానే మొహాలు మాడ్చుకున్నారు. అమ్మ చాప మీద నుంచి లేవలేదు. ఆమె పక్కన నేనూ లేవలేదు. నేను పుట్టి బుద్ధెరిగాక ఈస్టరు నాడు మా అమ్మ సంస్కారం తీసుకోకపోవడం అదే మొదటిసారి. ఆమె ఏడవలేదు. నాకు పళ్ళు కొరుక్కుని దవడలు నొప్పి పుట్టాయి.

అందరూ వెళ్ళిపోయాక దాసయ్య మామ ఖాళీ సీసాలు పెట్టెలో సర్దడానికి ఉండిపోయాడు. ఎలీషా కొత్త గిన్నెను గుడ్డలో చుట్టుకుంటున్నాడు, వేరేవాళ్ళు ముట్టుకుంటారని ఇంటికే తీసుకుపోతున్నాడు. లోపల వాళ్ళిద్దరూ, మేమిద్దరం. అమ్మ లేచింది. పాత గిన్నెను కుండనీళ్ళతో బాగా కడిగింది. జాడీ మీది గుడ్డ తీసి, గిన్నె నింపి, తను ఒక గుక్క తాగి, తమ్ముడి ముందుకు చాపింది.

"తాగు నాయనా."

మామ ద్వారం వైపు చూశాడు. బయట జీపు ఉంది, డ్రైవరు బీడీ తాగుతున్నాడు.

"ముందు ఆయప్పను తాగమను," అన్నాడు.

అమ్మ ఎలీషా వైపు తిరిగింది.

"ఆయప్ప తాగినాక నేను తాగుతాలే," అన్నాడు ఎలీషా.

అమ్మ మళ్ళీ ఇటు తిరిగింది. వీళ్ళిద్దరూ చిన్నప్పుడు ఒకే పలక మీద రాసుకున్నవాళ్ళు. ఒక్క మనిషి కూడా చూడని చోట, నిండిన గిన్నె ముందు పెట్టుకుని, నువ్వు ముందంటే నువ్వు ముందని నిలబడ్డారు. బరువుకు అమ్మ గిన్నె కింద రెండో చెయ్యి కూడా పెట్టింది. ఆమె దించలేదు. వాళ్ళు అందుకోలేదు.

నేను గిన్నె లాక్కున్నాను. వాళ్ళ మొహాల మీద కొట్టాలనిపించింది. నిజంగానే చెయ్యి ఎత్తాను.

"పారబొయ్యొద్దు సరోజా," అంది అమ్మ.

అందుకని తాగాను. ఒక్క చుక్క మిగల్చకుండా తాగాను. తియ్యగా, కొంచెం పుల్లగా, వగరు లేకుండా ఉంది. నా పట్టికలో అట్టడుగున ఉన్న రసం అది. నేను గిన్నె దించేసరికి ఇద్దరూ చెరొక తలుపు నుంచి వెళ్ళిపోయారు.

ఎన్నికలు జరిగాయి. లింగాలలో ఫ్యాక్టరీ రాలేదు, చర్చికి పైకప్పూ పడలేదు. మరుసటి ఏడు అమ్మ బుట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే రాములమ్మ అత్త ఒక్కతే దొంగచాటుగా ఒక గుత్తి తెచ్చి వేసింది. ఒక్క గుత్తితో జాడీ నిండదు. అమ్మ దాన్ని పిల్లలకు పంచేసింది. ఆ వానాకాలం మా వీధిలో మళ్ళీ బాంబులు పేలాయి. ఈసారి పోయింది దాసయ్య మామ. వేసిన వాళ్ళలో ఎలీషా ఉన్నాడని కేసు పెట్టారు. అమ్మ శవం దగ్గర కూర్చుని "తాగమన్నాను గదరా, తాగమన్నాను గదరా" అంటూనే ఉంది. విన్నవాళ్ళకు అదేమిటో అర్థం కాలేదు.

అమ్మ కూడా పోయింది. ఇప్పుడు ఆ చర్చికి స్లాబు ఉంది, ఫ్యాన్లు ఉన్నాయి. గొడవలు కూడా తగ్గాయి. సంస్కారానికి ట్రేలో బొటనవేలంత ప్లాస్టిక్ గ్లాసులు వస్తాయి. ఎవరి గ్లాసు వాళ్ళది. ఎంగిలి లేదు, శుభ్రంగా ఉంది, జబ్బులు రావని అందరూ మెచ్చుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు పులివెందులలో నా ముందు పెట్టిన టీ గ్లాసు గుర్తొస్తుంది, ఒళ్ళు మండుతుంది.

నేను ఈస్టరుకు ఇప్పటికీ ఊరికి పోతాను. గ్లాసు తీసుకుని సగమే తాగుతాను. మిగతా సగం పక్కన మోకరించిన మనిషి వైపు, అది ఎవరైనా సరే, చాపుతాను. వాళ్ళు నా మొహం వైపు, గ్లాసు వైపు చూసి తల తిప్పుకుంటారు. ఇంతవరకు ఒక్కరూ అందుకోలేదు.